రెయినియర్ మీద నీలం సంచులు

రెడ్‌మండ్‌లో మా ఆఫీసు పార్కింగ్ గరాజ్ పై అంతస్తు నుంచి రెయినియర్ కొండ కనిపిస్తుంది. రోజూ కాదు. ఏడాదిలో సగం రోజులు మబ్బు చాటునే ఉంటుంది. కనిపించిన రోజున మాత్రం లిఫ్ట్‌లో ఎదురైన ముక్కూమొహం తెలియని మనిషి కూడా ‘ఇవాళ మౌంటెన్ అవుట్’ అని చెప్పి పోతాడు. అలా విన్న రోజు నేను లంచ్ డబ్బా తీసుకుని పైకెక్కి, కార్ల మధ్య నిలబడి, పెరుగన్నం తింటూ దాన్ని చూసేవాణ్ణి. ఎండాకాలంలో కూడా నడుం దాకా తెల్లగా ఉండేది. ఆ తెలుపు మొన్న కురిసిన మంచు కాదనీ, ఏళ్ల తరబడి కరగకుండా గడ్డకట్టి, తన బరువుకి తానే కిందికి జారే హిమానీనదాలనీ నాకు చాలా రోజులకు తెలిసింది.

మనవాళ్లు ఆ కొండ గురించి మాట్లాడే మాటలు వింటే నాకు ఒళ్లు మండేది. కాస్త మబ్బు తొలిగితే చాలు, ఆ కొండ కనిపించే ఇల్లయితే రీసేల్ ఎలా ఉంటుందని మొదలుపెడతారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను కార్లో ఎక్కించి, దాని కిందున్న పార్కింగ్ లాట్ దాకా తీసుకెళ్లి, మంచు ముందు శాలువాలతో నిలబెట్టి, ఫొటో తీసి, పులిహోర తినిపించి, ప్లేట్లు అక్కడే వదిలేసి వస్తారు. ఒకసారి ఆ ప్లేట్లు నేనే ఏరాను. ఏరుతుంటే ఒకాయన తన గ్లాసు కూడా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

కొండ చరిత్ర చదవడం ఆ కోపంతోనే మొదలుపెట్టాననుకుంటాను. లైబ్రరీలో దొరికినవన్నీ తెచ్చుకున్నాను. పేరు దగ్గరే నాకు మొదటి వెగటు. తన జన్మలో ఆ కొండ వైపు కన్నెత్తి చూడని ఒక నౌకాదళ అధికారి పేరు దానికి తగిలించారు. అంతకుముందు నుంచీ దాని నీడలో బతికినవాళ్లు తహోమా అని పిలుచుకునే పేరు పక్కన పడిపోయింది. పందొమ్మిదో శతాబ్దంలో ఇద్దరు తెల్లవాళ్లు ఎక్కారు. చరిత్రలో మొదటివాళ్లు వాళ్లే. వాళ్లను అడవుల్లోంచి మంచు మొదలయ్యే చోటు దాకా తీసుకెళ్లింది అక్కడి మనిషి ఒకడు. పైకి వెళ్లొద్దని అతను చెప్పాడట. వీళ్లు వినలేదు. సాయంత్రానికి శిఖరం చేరి, దిగే వేళ దాటిపోయి, చలికి చచ్చిపోతామనుకున్న సమయంలో శిఖరం మీది క్రేటర్ గుంట లోపల ఒక మంచు గుహ దొరికింది. కింద అగ్నిపర్వతం ఇంకా బతికే ఉంది కాబట్టి అక్కడ నేల కన్నాల్లోంచి వేడి ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి పక్కన, ఒకవైపు ఉడుకుతూ ఒకవైపు వణుకుతూ, గంధకం వాసనకు కడుపులో తిప్పుతుంటే తెల్లవార్లూ కూర్చున్నారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు ఒక స్కూలు టీచరమ్మ ఎక్కింది. ఆడవాళ్లలో మొదటిది ఆమె. ఆమె కూడా అక్కడే తల దాచుకుంది.

ఈ గొప్పలన్నీ నాకు సగం సగమే ఎక్కాయి. కానీ ఆ వేడినేల మాట మాత్రం తలలో పాతుకుపోయింది. చుట్టూ అంత మంచు ఉండి, నడినెత్తిన చెయ్యి పెడితే వెచ్చగా ఉండే మట్టి. నేను అక్కడికి వెళ్లి, గ్లవ్ తీసి, అరచెయ్యి ఆ మట్టి మీద పెట్టాలి. ఎందుకని మా ఆవిడ అడిగింది.  పెట్టాలి, అంతే.

ఒక్కడు వెళ్లే కొండ కాదది. హిమానీనదం మీద పగుళ్లుంటాయి, వాటి మీద మంచు పొర కప్పి ఉంటుంది, కాలు వేస్తే గానీ తెలియదు. అందుకే ముగ్గురు నలుగురు ఒకే తాడుకు కట్టుకుని నడుస్తారు. ఒకడు పగుల్లో పడితే మిగిలినవాళ్లు ఐస్ యాక్స్ అనే మంచుగొడ్డలి మంచులో దింపి, దాని మీద పడుకుని ఆపాలి. నాకు తాడు మీద మనుషులు కావాలి. మా వైపు తెలుగు హైకింగ్ గ్రూపులో అలాంటి పిచ్చి ఉన్నది ఒక్క మనిషికే. గ్రూపు మొత్తం అతన్ని అన్న అని పిలిచేది, నేనూ అట్లాగే పిలిచాను. వయసులో పెద్దవాడు. ఇక్కడ ‘ఆయన’ అని రాయడానికి మాత్రం నాకు చెయ్యి రావడం లేదు.

అతనితో పరిచయమైంది, తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే ఒక పాట్‌లక్‌లో. ప్లేటు చేతిలో పట్టుకునే మొదలుపెట్టాడు.

“ఏ ఊరు తమ్ముడూ మీది?”

“కరీంనగర్ దగ్గర అన్నా.”

“దగ్గరంటే?”

“పేరు చెప్పినా తెల్వదన్నా, చిన్న పల్లె.”

“ఇంటిపేరేంటి?”

చెప్పాను. కొంచెం ఆలోచించాడు. “ఆ ఇంటిపేరు మాలో కూడా ఉందే. మీరు ఎవరివైపు వాళ్లు?” అన్నాడు.

ఈ ప్రశ్న ఎటు పోతుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చుట్టూ తిప్పించడం నాకు చేతకాదు. “మాది ఊరి బయటి వాడ అన్నా. దళితులం,” అన్నాను. అతను వెంటనే నా భుజం తట్టాడు. “అయ్యో, అదేంటి తమ్ముడూ, అమెరికా వచ్చి కూడా అవన్నీ ఎవరు చూస్తారు,” అన్నాడు. అడిగింది తనే అన్న సంగతి అప్పటికే మర్చిపోయాడు. ఆ తర్వాతి పాట్‌లక్‌కి మా ఆవిడ కోడికూర చేసింది. ఆమె కోడికూరకి వంక పెట్టే మనిషి పుట్టలేదు. టేబుల్ మీద గిన్నెలన్నీ ఖాళీ అయ్యాయి, మా గిన్నె మూత తీసినవాడు లేడు. ఇంటికొచ్చాక ఆమె ఆ గిన్నె ఫ్రిజ్‌లో పెట్టి, తలుపు మామూలు కంటే గట్టిగా వేసింది.

అలాంటి మనిషితో తాడు ఎందుకు కట్టుకున్నానంటే, నాకు వేరే దారి లేదు. అది లేఆఫ్‌ల కాలం, రెండువేల తొమ్మిది. నా కాంట్రాక్టు అయిపోయింది. వర్జీనియాలో షాంటిలీ దగ్గర ఉద్యోగం దొరికింది, వీసా ట్రాన్స్‌ఫర్ అయింది, ఆగస్టులో చేరాలి. ఈ జులై దాటితే కొండ ఈ దేశపు ఆ మూల, నేను ఈ మూల. ఆ తర్వాత పిల్లలు, గ్రీన్‌కార్డు, మోకాళ్లు. మళ్లీ వస్తానని నాకు నేనే అబద్ధం చెప్పుకునే ఓపిక లేదు.

“గా మనిషితోనా పోతవు?” అంది మా ఆవిడ.

“తాడుకు కులం తెల్వదే,” అన్నాను.

“తాడు సంగతి నేనడిగిన్నా?” అంది. అయినా ఆమె నా బ్యాక్‌ప్యాక్‌లో ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తా పెట్టి ఇచ్చేది. అప్పటికే ఏడాదిన్నరగా, బరువు మోసే సాధన కోసం, శనాదివారాలు ఆ బియ్యం వీపున వేసుకుని చుట్టుపక్కల గుట్టలన్నీ ఎక్కుతున్నాను. చివరికి ఆ బియ్యం మేమే వండుకుని తిన్నాం, నూకలయ్యాయని మా ఆవిడ సణిగింది.

మేం ముగ్గురం. అన్న, అతని బావమరిది, నేను. బావమరిది పాతికేళ్లు దాటినవాడు, బావ మాట జవదాటడు. బావ నవ్వితే నవ్వుతాడు, బావ మూతి ముడిస్తే తనూ ముడుస్తాడు. ముగ్గురం కలిసి మంచు మీద నడిచే కోర్సు చేశాం, పర్మిట్ తీసుకున్నాం. ఎక్కే రోజు పొద్దున కొండ కింద ఆఫీసులో సంతకాలు పెట్టాలి. అక్కడ పార్కు కాపలా చూసే రేంజరమ్మ మాకు తలా రెండు నీలం ప్లాస్టిక్ సంచులిచ్చింది.

వాటి సంగతి వింటేనే అన్న మొహం మారిపోయింది. పైన క్యాంప్ దగ్గర మరుగుదొడ్లుంటాయి. అది దాటి హిమానీనదం మీదికి వెళ్లాక ఉండవు. అక్కడ పాతిపెట్టడానికి మట్టి లేదు, కుళ్లడానికి వేడి లేదు. ఏళ్ల తరబడి అట్లాగే ఉండి, చివరికి కింద జనం తాగే నీళ్లలో కలుస్తుంది. కాబట్టి ఎవరి మలం వాళ్లు ఆ నీలం సంచిలో ఎత్తి, ముడివేసి, ఇంకో సంచిలో వేసి, వీపున మోసుకుని కిందికి తెచ్చి పీపాలో పడేయాలి. “ఎంత పెద్ద క్లైంబరైనా ఇంతే. ఎవరిది వాళ్లే,” అని ఆమె నవ్వుతూ చెప్పింది. బయటికి రాగానే అన్న సంచులను చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుని, “ఛీ, ఇదేం దేశంరా బాబూ,” అన్నాడు. బావమరిది కూడా ఛీ అన్నాడు. నాక్కూడా అసహ్యంగానే ఉంది, నేనేం అతీతుణ్ణి కాను. కానీ నాకు రూలు నచ్చింది. రాజుకైనా బంటుకైనా ఒకటే రూలు ఉండటం నేను అంతగా చూసి ఉండలేదు.

ఎక్కేటప్పుడు అన్న బ్యాగు చూసి నాకు మతిపోయింది. ఒక్కో ఔన్సు తగ్గించుకోవడానికి జనం టూత్‌బ్రష్ కాడ విరగ్గొట్టుకుంటారు. ఇతను పీచు తీయని కొబ్బరికాయ, పసుపు కుంకుమలు, కర్పూరం, పటికబెల్లం ఒక పట్టుగుడ్డలో చుట్టి తెచ్చాడు. శిఖరం మీద కాయ కొడతాడట. ఫొటో తీసి తెలుగు అసోసియేషన్ సావనీర్‌లో వేయిస్తాడట. మొదటి రోజు మంచు మైదానం మీదుగా క్యాంప్‌కి చేరాం. రెండో రోజు ఇంకాస్త పైకి, హిమానీనదం మీద చదునైన చోటికి పోయి టెంట్ వేసుకున్నాం. చుట్టూ నీలిరంగు పగుళ్లు, పైన రాళ్లు. ఎదురుగా శిఖరం ఎంత దగ్గరగా ఉందంటే, ఇంతేనా అనిపించింది. అంత ఆనందం నాకు పెళ్లినాడు కూడా లేదు. పెళ్లినాడు మైక్ సెట్టువాడు రాలేదు, అది వేరే కథ.

అన్న రెండు రోజుల నాటి పులిహోర తిన్నాడు. ఆ ఎత్తులో అది అతని కడుపులో నిలవలేదు. బావమరిదికీ అదే గతి. మంచుగోడ చాటుకు పోవడం, రావడం, మొహాలు వేలాడేసుకోవడం. ఆ నీలం సంచులు టెంట్ బయట చేరాయి. పైన కాకులు తిరుగుతున్నాయి. అక్కడి కాకులు మన కాకులకు రెట్టింపుంటాయి, ఏది దొరికినా చింపుతాయి.

సాయంత్రం స్టవ్ మీద మంచు కరిగిస్తుంటే అన్న చాలా ప్రేమగా అన్నాడు. “తమ్ముడూ, ఆ కవర్లు నీ బ్యాగులో వేసుకుంటావా, దిగేదాకా. నా బ్యాగులో దేవుడి కాయ ఉంది కదా, దాంతోపాటు ఈ మురికి పెట్టుకోలేను.”

నేను తలెత్తి చూశాను.

“మీకు ఇలాంటి పట్టింపులేం ఉండవు కదా,” అన్నాడు.

గొంతు పెంచలేదు. వెక్కిరించలేదు. ఉప్పు అందుకోమన్నట్టు అన్నాడు. బావమరిది స్టవ్ మంట వైపు చూస్తూ కూర్చున్నాడు.  మా తాత చేసిన పని నాకు తెలుసు. ఏ ఇంటి వెనక ఏ సందులోంచి వెళ్లి చేసేవాడో తెలుసు. అది మా ఇంట్లో ఎవరూ మాట్లాడని విషయం. ఇతనికి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. తెలియకుండానే, పక్కింటి వాడి అలవాటు చెప్పినట్టు చెప్పేశాడు.

“ఎవరిది వాళ్లే మోసుకోవాలె అన్నా. ఆమె చెప్పింది కదా,” అన్నాను.

“సరేలే తమ్ముడూ, ఊరికే అన్నా,” అని నవ్వేశాడు. నేను గిన్నె తీసుకుని, కరిగించడానికి శుభ్రమైన మంచు కోసం కొంచెం దూరం పోయాను.   తిరిగొచ్చేసరికి సంచులు టెంట్ బయట లేవు. లోపల్లోపల సిగ్గుపడి తనే సర్దుకున్నాడేమోలే అనుకున్నాను. అలా అనుకుని కాస్త కరిగాను కూడా. ఆ కరిగినందుకే ఇప్పటికీ నాకు మంటగా ఉంటుంది.

ఎండ తగిలితే మంచు మెత్తబడి పగుళ్ల మీది పొరలు కూలతాయి కాబట్టి చీకటితోనే బయలుదేరాలి. సాయంత్రమే సర్ది ఉన్న బ్యాగు తెరిచి చూడకుండానే వీపున వేసుకున్నాను. ముందు అన్న, మధ్యలో బావమరిది, చివర నేను. చివర ఉన్నవాడు బలంగా ఉండాలి, కిందికి జారేవాణ్ణి ఆపాలి కాబట్టి. బూట్ల కింద కట్టుకున్న ఇనుప ముళ్లు మంచులో కరకరమంటుంటే ఒక్కో అడుగూ ఎక్కాం. తెల్లవారింది. నాకు తలనొప్పి లేదు, కడుపులో తిప్పు లేదు. ఆ బియ్యం బస్తా పుణ్యమేమో, ఊపిరి గుర్రంలా నడుస్తోంది. క్రేటర్ అంచు పైన కనబడుతోంది. ఇంకొక్క పెద్ద ఏటవాలు ఎక్కితే చాలు.

ఆ ఏటవాలు కింద కాస్త చదును ఉంటే ఆగాం. గాలి చలి కొరికేస్తోంది. మందపాటి జాకెట్ తీద్దామని బ్యాగు తెరిచాను. పైన జాకెట్. దాని కింద మా ఆవిడ గుడ్డలో చుట్టి ఇచ్చిన జొన్నరొట్టెలు. రొట్టెల మీద రెండు నీలం సంచులు, గడ్డకట్టి రాళ్లలా ఉన్నాయి.

కింద క్యాంప్ నుంచి అక్కడిదాకా, అంత ఎత్తూ, అది నా వీపునే వచ్చింది.

“ఏందిది?” అన్నాను.

బావమరిది తల దించుకున్నాడు. వేసింది వాడే, వేయించింది ఎవరో చెప్పక్కర్లేదు.

“అదా,” అన్నాడు అన్న. రొప్పుతున్నాడు. “టెంట్‌లో పెట్టుకోలేం కదా తమ్ముడూ, బయట పెడితే కాకులు. వీడిది చిన్న బ్యాగు. అందుకని నీ దాంట్లో పెట్టమన్నా. పైకి కూడా అదే బ్యాగుతో వస్తావని తట్టలేదు, నిజం.”

“నా రొట్టెల మీద పెట్టిన్రు.”

“డబుల్ కవర్‌లో ఉంది కదా. ఏం కాదు.”

“డబుల్ కవర్‌లో ఉంటే ఏం కాదంటే, నీ కాయ పక్కన పెట్టుకో.”

“అదెలా కుదురుతుంది తమ్ముడూ. దేవుడిది.”

నేను ఆ రెండు సంచులూ తీసి అతని బూట్ల దగ్గర పెట్టాను. రొట్టెల మూట కూడా తీసి చూశాను. గుడ్డకి ఏమీ అంటలేదు. అయినా తినలేనని తెలిసిపోయింది.  అన్న కాసేపు ఆ సంచుల వైపు చూశాడు. తర్వాత ఐస్ యాక్స్‌తో మంచు తవ్వడం మొదలుపెట్టాడు. “ఇక్కడే పాతేద్దాం. ఎవరు చూస్తారు. పద, ఇంకో గంటలో పైనుంటాం,” అన్నాడు.

అప్పుడు నేను నా ఐస్ యాక్స్ మంచులోకి పిడి దాకా దింపి, తాడు దానికి చుట్టి, కూర్చున్నాను. ముగ్గురం ఒకే తాడు మీద ఉన్నాం. నేను లేవకపోతే అతను పైకి పోలేడు, కిందికీ పోలేడు. “అది నీ బ్యాగులో పడేదాకా నేను లేవ,” అన్నాను.

అతను ముందు నవ్వాడు. తర్వాత బతిమాలాడు. “నీకోసమే చెప్తున్నా తమ్ముడూ. మళ్లీ వస్తావా నువ్వు? పై వారం వెళ్లిపోతున్నావు. ఇంత దూరం వచ్చి ఇంత చిన్నదానికి పంతమా? నువ్వే కాస్త వేసుకుంటే అందరం హ్యాపీగా పైకి పోతాం కదా.” అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. నేను చెయ్యి చాపి ఆ రెండు సంచులూ వెనక్కి తీసుకుంటే చాలు, ఆ వెచ్చటి మట్టి నాది. దాని ధర అతను ముందే కట్టేసి పెట్టాడు. పంతం అన్నాడే, ఆ మాటకి నాకు వాడి మొహాన ఉమ్మేయాలనిపించింది.

బావమరిదిని చూశాను. “నావల్ల కాదు, నాకు వాంతొస్తోంది,” అని మొహం తిప్పుకున్నాడు.

అంతలో కింద నుంచి ఇంకో తాడు వచ్చింది. ముందు నడుస్తున్నది నెరిసిన జడతో ఒక అమెరికన్ పెద్దావిడ, వెనక ఇద్దరు. మేం కూర్చున్న తీరు చూసి, అంతా బాగానే ఉందా అని అడిగింది. ఇద్దరు దిగాలనుకుంటున్నారేమో అనుకుని నా వైపు చూసింది. “నువ్వు బలంగా కనిపిస్తున్నావు. మా తాడు మీద ఒకరికి చోటుంది. కావాలంటే మాతో రా,” అంది.

ఆ మాట విన్నప్పుడు నా చెయ్యి నడుం దగ్గరి ముడి మీదికి పోయింది. నిజంగానే పోయింది. ముడి విప్పడం ఎంతసేపు. కానీ నేను విప్పగానే అన్న తవ్విన గుంటలోకి ఆ సంచులు పోతాయి, పైన మంచు కప్పేస్తాడు, కిందికి పోయి చేతులు కడుక్కుంటాడు. పైగా అన్నా, వాంతి మొహం వేసుకున్న బావమరిదీ ఇద్దరే పగుళ్ల మీద దిగాలి. వాళ్లకేమైనా అయితే ఆ పాపం, వేడినేల ముట్టిన చేతికే అంటుకుని ఉంటుంది. “థాంక్యూ. నేను వీళ్లతోనే ఉన్నాను,” అన్నాను. ఆమె సరేనంది. ముగ్గురూ మెల్లగా ఆ ఏటవాలు ఎక్కి, అంచు మీద చిన్నగా కనబడి, అవతలికి దిగిపోయారు. వాళ్లు మాయమయ్యేదాకా చూశాను. ఏడుపొచ్చింది, దాన్ని ఇక్కడ దాచుకోవడం ఎందుకు.

కూర్చున్నాం. ఎండ మా మీదికి వచ్చింది. మంచు మీద మెరుపు మారింది, పక్కనున్న గోడ నుంచి చుక్కలు పడటం మొదలైంది. అది వినగానే ముగ్గురికీ అర్థమైంది, ఇక పైకి పోయే వేళ దాటిపోయింది. అన్న మొహంలో మొదటిసారి భయం చూశాను. వాచీ చూసుకున్నాడు. తర్వాత బ్యాగు తెరిచి, పట్టుగుడ్డలో ఉన్న కొబ్బరికాయని తీసి కళ్లకద్దుకుని బావమరిది చేతికిచ్చాడు. వాడు దాన్ని పసిపిల్లలా జాకెట్ లోపల పెట్టుకుని జిప్ వేసుకున్నాడు. అన్న రెండు సంచులూ వేలికొసలతో ఎత్తి తన బ్యాగులో వేసుకున్నాడు. అందులో ఒకటి బావమరిదిది, అది కూడా అతనే మోశాడు. నేను లేచాను.

దిగేటప్పుడూ నేనే చివర. వెనక నుంచి తాడు బిగించి పట్టుకుని, రెండుసార్లు అన్న కాలు జారితే ఆపాను. కింద పార్కింగ్ లాట్‌లో పీపా దగ్గర అతను ఆ సంచులు పడేసి, సీసాలో నీళ్లన్నీ చేతుల మీద పోసుకుని, శానిటైజర్ మోచేతుల దాకా రాసుకున్నాడు. గెలిచాను అనుకున్నాను. శిఖరం పోయింది. కానీ ఒకడు తనది తాను మోశాడు, దానికోసం పోయిందిలే అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

దిగినవాళ్లు ఆఫీసులో చెప్పి వెళ్లాలి. ఆ రేంజరమ్మే ఉంది. సమ్మిట్ చేశారా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు అన్న తల అడ్డంగా ఊపాడు. చాలా విచారంగా, మంచి ఇంగ్లీషులో చెప్పాడు. పైన తమ్ముడికి ఆల్టిట్యూడ్ పడలేదు, మనిషి మనిషిలా లేడు, చిన్న విషయానికి విపరీతమైన కోపం వచ్చింది, మంచులో కూర్చుండిపోయి లేవనన్నాడు, ఎంత చెప్పినా వినలేదు, పక్క టీమ్ సాయం చేస్తామన్నా వద్దన్నాడు, రిస్క్ తీసుకోలేక దింపుకొచ్చాం అన్నాడు. అందులో ప్రతి ముక్కా జరిగిందే. నాకు ఒళ్లంతా చీదర పుట్టింది. పైన ఆ సంచులు చూసినప్పుడు కూడా అంత పుట్టలేదు.

“నాకేం కాలేదు,” అన్నాను.

“అలా అయినవాళ్లందరూ ముందు అదే అంటారు,” అంది ఆమె, జాలిగా. ఎత్తులో మెదడు వాస్తే మొదట కనబడేది కోపమేనట. కౌంటర్ వెనక నుంచి వచ్చి నా కళ్లలోకి చూసింది. “అసలు సంగతి ఏంటంటే, వాళ్ల నీలం సంచులు నా బ్యాగులో…” అని మొదలుపెట్టాను. ఆ తర్వాతిది ఇంగ్లీషులో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మా ఊరి నుంచి మొదలుపెట్టాలా, మా తాత నుంచా, పాట్‌లక్ నుంచా. నా గొంతు పెరుగుతోందని నాకే వినిపించింది. ఆమె అన్న వైపు చూసింది. అన్న, చూశారుగా అన్నట్టు కళ్లు దించుకున్నాడు.

ఆమె నన్ను బయటికి తీసుకెళ్లి పార్కింగ్ లాట్‌లో ఒక తెల్లగీత చూపించింది. ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనిస్తూ దాని మీద నడవమంది. ఆ ఇద్దరూ పక్కన నిలబడి చూస్తుంటే నేను ఆ గీత మీద, తాగినవాణ్ణి పోలీసులు నడిపించినట్టు, ఆ చివరి దాకా నడిచి మళ్లీ వెనక్కి నడిచి చూపించాను. ఒక్క అడుగు తప్పలేదు. “ఇప్పుడు పర్లేదు. కిందికి రాగానే తగ్గిపోయింది,” అందామె అన్నతో. “మీరు చాలా మంచి పని చేశారు. ఫ్రెండ్ కోసం శిఖరం వదులుకునేవాళ్లు తక్కువ.”

“హీ ఈజ్ లైక్ మై ఓన్ బ్రదర్,” అన్నాడు అన్న, నా భుజం మీద చెయ్యి వేసి.

నేను ఆ చెయ్యి విదిలించేశాను. ఆమె వెంటనే ఒక అడుగు ముందుకొచ్చి, కాసేపు నన్ను కారు నడపనివ్వొద్దని అన్నకు చెప్పింది.